కుంట మీది గాలి

మొన్న ఏప్రిల్ చివర్లో కరీంనగర్‌లో ట్రైనింగు ముగించుకుని బస్సులో తిరిగి వస్తున్నాను. మిట్టమధ్యాహ్నం. కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు నెమ్మదించినప్పుడల్లా పొయ్యిలోంచి వచ్చినట్టున్న గాలి ముఖాన కొడుతోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అది దాటిన కాసేపటికి ఉన్నట్టుండి గాలి మారింది. చల్లగా, పాచి వాసనతో, తడిసిన రేగడి వాసనతో మెడ మీదుగా పోయింది. కళ్ళు తెరిచేసరికి రోడ్డు పక్కన ఏదో ఊరి చెరువు, సగం ఎండినది, వెనక్కి జరిగిపోతోంది. గట్టిగా నిమిషం కూడా లేదు ఆ చల్లదనం. చెరువు దాటగానే మళ్ళీ అదే సెగ. పక్కన కూర్చున్నామె నా ముఖం చూసి, "ఏమైందమ్మా, కండ్లల్ల దుబ్బ పడ్డదా?" అంది. "అవునక్కా" అన్నాను. ఆమెకు కొమురయ్య కాక తెలియదు. మీకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

కొమురయ్య కాకతో మాకు చుట్టరికం లేదు. గోదావరిఖనిలో మా నాన్న బొగ్గు నింపే పని చేసిన గనిలోనే ఆయన పంపు ఆపరేటరు. మా క్వార్టరు పక్క క్వార్టరు వాళ్ళది. పొట్టి మనిషి, గట్టి చేతులు. ఏళ్ళ తరబడి భూమి లోపల పంపుల రొద మధ్య ఉండి చెవులు మందగించాయి కాబట్టి మాట పెద్దది. ఆయన రహస్యం చెప్పినా నాలుగిళ్ళకు వినపడేది. గనిలో ఊరే నీటిని తోడి పైకి పంపడం ఆయన పని. ఆ నీళ్ళు తోడకపోతే కింద ఎవరూ తట్ట ఎత్తలేరు. పైకి వచ్చిన నీళ్ళు కాలవలో మా క్వార్టర్ల ముందు నుంచే పోయి ఎక్కడో వాగులో కలిసేవి. వేసవిలో మేము గచ్చు మీద చెంబెడు నీళ్ళు చల్లుకుని ఆ తడిలో పడుకునేవాళ్ళం. ఉతికి ఆరేసిన బట్ట మీద మధ్యాహ్నానికల్లా బొగ్గు నుసి పేరుకునేది. క్వార్టర్ల వెనక పెద్ద గుంత ఒకటుండేది. ఇళ్ళు కట్టినప్పుడు ఇటుకల కోసం మట్టి తీసిన గుంత అది. అందరూ చెత్త అందులో పోసేవారు.

ఒక రోజు కాక మా గడపలో కూర్చుని నాన్నతో అన్న మాటలు నాకు బాగా గుర్తు. "గింత మంచి నీళ్లు మన ఇండ్ల ముంగటికెల్లి పోతున్నయి. మనమేమో ఎండల మాడుతున్నం. గా గుంతలకు మలిపితే ఎట్లుంటదే?"

"తోడుడు నీ డ్యూటీ. యాడికి పోతయో నీకెందుకురా కొమురయ్యా?" అన్నాడు నాన్న.

"తోడెటోనికి ఎర్కుండద్దా, యాడికి పోతున్నయో!" అన్నాడు కాక, వీధంతా వినేటట్టు.

గని మేనేజరును అడిగి ఒప్పించుకున్నాడు. మొదటి షిఫ్టు దిగి, అన్నం తిని, పార భుజాన వేసుకుని పోయేవాడు. మొదట ఆ గుంతలోంచి చెత్త ఎత్తిపోశాడు. తర్వాత కాలవ తవ్వడం మొదలుపెట్టాడు. వారం రోజులు అందరూ చూసి నవ్వారు. రెండో వారం మా నాన్న గడ్డపార తీసుకుని వెళ్ళాడు. ఆ తర్వాత ఒకరూ ఇద్దరూ చేరారు. బొగ్గు నుసి దిగిపోవడానికి ముందు చిన్న గుంత ఒకటి, అక్కడ తేరుకున్న నీళ్ళు పెద్ద గుంతలోకి పోయేటట్టు వాలు. అంతా ఆయన కంటి అంచనానే. నీళ్ళు వదిలిన రోజు నేను మూడో తరగతి పిల్లను. మొదట ఎర్రగా, నురగతో వచ్చాయి. నెల తిరిగేసరికి ఆకాశం కనిపించేంత తేటపడ్డాయి. ఒక మధ్యాహ్నం అమ్మ సగం తోమిన గిన్నె చేతిలో పట్టుకుని వెనక తలుపులో అలాగే నిలబడిపోవడం చూశాను. ఏంటమ్మా అంటే, "గాలి సల్లగస్తుంది బిడ్డా" అంది, నమ్మలేనట్టు.

గట్టు చుట్టూ కాక కానుగ గింజలు పెట్టించాడు. వేప కాకుండా కానుగే ఎందుకని అడిగితే, ఎండ ముదిరే వేళకే అది కొత్త ఆకు వేస్తుందని చెప్పాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. నేను హైస్కూలుకు వచ్చేసరికి చైత్రంలో కుంట చుట్టూ లేత ఆకుపచ్చ గొడుగులు నిలబడ్డాయి. షిఫ్టు దిగిన మనుషులు ఇంట్లోకి పోకుండా ముందు అక్కడ కూర్చునేవారు. ఆడవాళ్ళు బియ్యం చాటలు అక్కడికే తెచ్చుకునేవారు. కొంగలు వచ్చాయి. ఎవరూ పిలవకుండానే నీటికోళ్ళు వచ్చి తుంగలో గూళ్ళు పెట్టాయి. మా వరస చివర ఎండిపోయి తుప్పుపట్టిన చేతిపంపు కొడితే నీళ్ళు వచ్చాయి. అది ఎలా జరిగిందో మా అమ్మకు అర్థం కాలేదు. కాక నేల మీద కట్టెపుల్లతో గీసి చూపించాడు, కుంటలో నీళ్ళు మట్టిలోకి ఎలా దిగుతాయో, దిగి ఎక్కడికి చేరతాయో. మనిషికి చదువు నాలుగో తరగతి. కానీ నీటి నడక గురించి ఆయనకు తెలిసినంత నా పుస్తకాల్లో లేదు.

ఇంకో రోజు సంగతి. నాన్నకు దగ్గు ముదిరింది. రాత్రంతా దగ్గి పొద్దున నీరసంగా కుంట గట్టు మీద కూర్చున్నాడు. పక్కనే నేను ఇంటర్ పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. కాక కానుగ ఆకు ఒకటి తెంపి, బొటనవేలితో తుడిచి, నల్లబడిన వేలు నా ముందు పెట్టాడు.

"గిది యాడికి పోయేదో ఎర్కేనా? మీ నాయిన పెయ్యిలకు, ఊపిరిల కలిసి. గీ ఆకు అడ్డం పడ్డది. వానొస్తె ఇది కడుక్కుంటది. మీ నాయిన కడుక్కోలేడు."

నాన్న నవ్వబోయి దగ్గాడు. కాక నా వైపు తిరిగాడు. "ఇంటర్ అయినంక ఏం చేస్తవ్ బిడ్డా? నర్సు చదువు. దవాఖానల మన భాషల చెప్పెటోళ్లు లేరు. మాకు దగ్గు ఎందుకస్తుందో మాకు తెల్సేటట్టు చెప్పాలె ఎవలన్న."

నాన్న ఒప్పుకోలేదు. ఆడపిల్ల కరీంనగర్ హాస్టల్లో ఒంటరిగా ఎలా ఉంటుందన్నాడు. కాక వాదించలేదు. సెలవు పెట్టి నన్ను బస్సెక్కించుకుని పోయి, ఫారాల కోసం ఎండలో లైన్లో నిలబడి, సాయంత్రం తిరిగొచ్చి నాన్న చేతిలో కాగితం పెట్టి, "సంతకం చెయ్యి" అన్నాడు. నాన్న చేశాడు. ఇవాళ నేను బస్తీ దవాఖానలో ఏఎన్ఎంని. వందల మంది నన్ను నర్సమ్మా అని పిలుస్తారు. ఆ పిలుపు నాకు ఆయన ఇచ్చిందే.

నాన్న గనికి పనికిరాడని డాక్టర్లు తేల్చాక ఆ ఉద్యోగం అల్లుడిగా నా భర్తకు వచ్చింది. అదే క్వార్టరు మాకు మిగిలింది. అమ్మానాన్నలు నా చేతుల్లోనే, ఒకరి తర్వాత ఒకరు పోయారు. కొమురయ్య కాక రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి కుంటకు అవతలి గట్టున రెండు గదుల రేకుల ఇల్లు వేసుకున్నాడు. వాళ్ళ ఒక్క కూతురు బెల్లంపల్లిలో ఉంది. అక్కడికి రమ్మంటే, "నాకు గీ గాలి అలవాటైంది" అనేవాడు. ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ నవ్వేది. "గాలి గాదు, గా కుంటనే పెండ్లాం ఆయనకు. నేను వంట మనిషిని."

ఆయన రిటైరైన ఏడాదికే ఆ గని మూతపడింది, మనుషులను పక్క గనులకు మార్చారు. పంపులు ఆగాయి. కుంటకు వచ్చే నీళ్ళు ఆగాయి. వాన నీళ్ళ మీదే అది బతకాలి. అదే సమయంలో మా వరసలో అందరం వెనక వైపు వంటగదులు పెంచుకున్నాం. ఆ మురుగునీటి మోరీలన్నీ వాలు చూసుకుని కుంటలోకే పోయాయి. మాదీ పోయింది. నీళ్ళ రంగు మారింది. ఒడ్డున పాలిథిన్ సంచులు పేరుకున్నాయి. కాక పొద్దున్నే పొడవాటి కర్రకు కొక్కెం కట్టి వాటిని లాగి గట్టున ఆరబెట్టేవాడు. అప్పటికే ఆయన ఊపిరి కూడా గిలకలా చప్పుడు చేసేది. నాలుగు సంచులు లాగితే పది నిమిషాలు కూర్చోవాలి. ఇంటింటికీ వచ్చి, "జర మోరీ అటు మలుపుకోండ్రి, పైపు నేను ఏపిస్త" అని అడిగాడు. అందరం సరే అన్నాం. ఎవరం మలుపుకోలేదు.

ఆ ఏడాది వానాకాలం చివర నా కూతురు శ్రావణికి జ్వరం వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. మూడో రోజు డెంగ్యూ అని తేలింది. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే కరీంనగర్ తీసుకుపోయాం. అక్కడ ఎనిమిది రోజులు. ఒక రోజు దాని చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. నేను నర్సుని అని అక్కడ ఎవరికీ చెప్పలేదు. నాకే గుర్తు లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, చిన్నప్పటి నుంచి తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. పిల్ల బతికి ఇంటికొచ్చింది. మా వరసలోనే మరో ఇద్దరు పిల్లలకు జ్వరాలని తెలిసింది. సాయంత్రమైతే కుంట మీద నుంచి దోమలు మబ్బులా లేచేవి. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు సదానందం అన్న మా ఇంటికొచ్చాడు. మా కాలనీలో ఏ పనైనా ముందు నిలబడి చేయించే మనిషి. చెడ్డవాడు కాదు. "చెల్లే, నువ్వు నర్సమ్మవు. నువ్వు రాస్తే ఆఫీసుల వింటరు. గా కుంట పూడ్పిస్తే పీడ పోతది. సిమెంటు గ్రౌండ్ చేపిద్దాం, షెడ్డు ఏపిద్దాం, ఫంక్షన్లకు పనికస్తది. ఒక్క దరఖాస్తు రాయి" అన్నాడు.

రాశాను. ఈ మురికి కుంట డెంగ్యూ దోమలకు నిలయమైందని, పిల్లల ప్రాణాలకు ముప్పుగా ఉందని, వెంటనే పూడ్చివేయాలని, గుండ్రటి అక్షరాలతో పేజీ నిండా రాశాను. డెంగ్యూ దోమ మురికి కుంటల్లో పెరగదు. ఇళ్ళల్లో నిలవ ఉంచిన మంచినీళ్ళలో పెరుగుతుంది, డ్రమ్ముల్లో, కూలర్ తొట్లలో, పాత టైర్లలో. ఈ మాట బస్తీలో ఇంటింటికీ తిరిగి చెప్పడం నా ఉద్యోగం. రాసేటప్పుడు అది గుర్తు రాలేదంటే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. పక్కకు నెట్టేశాను. నా బిడ్డకు జరిగినదానికి ఎవరో ఒకరు కారణం కావాలి నాకు. కుంట ఎదురుగా కనిపించింది.

ఆదివారం కానుగ చెట్ల కిందే అందరం చేరాం. సదానందం అన్న దరఖాస్తు చదివాడు. ఎవరు రాశారో చెప్పలేదు. చదవడం అయ్యాక కొమురయ్య కాక లేచాడు. మాట మునుపటంత పెద్దగా రాలేదు.

"మురికి చేసింది మనమే గదనే. నాలుగు మోరీలు మలుపుకుందాం. తుంగ తీసేద్దాం. దోమ పిల్లలను తినే చేపలుంటయి, అవి ఇడుద్దాం. ఒక్క వానకాలం చూడుండ్రి. అప్పటికీ కాకుంటె నేనే తట్ట పట్టుకోని మట్టి పోస్త." చుట్టూ చూసి, చివరికి నా వైపు తిరిగాడు. "బిడ్డా సుజాతా, నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు వీళ్లకు."

అందరూ నా వైపు చూశారు. శ్రావణి నా ఒళ్ళో ఉంది, చిక్కి సగమైపోయి. "పిల్లల పానం ముఖ్యం కాకా" అన్నాను.

ఆయన, "అవు బిడ్డా, పానమే ముఖ్యం" అని కూర్చున్నాడు. అందరూ సంతకాలు పెట్టారు.

జనవరిలో టిప్పర్లు వచ్చాయి. మట్టి పోయడానికి దారి కావాలని మూడు వైపులా చెట్లు కొట్టేశారు. ఉత్తరం గట్టున ఐదు మిగిలాయి, అవి అడ్డం రాలేదు కాబట్టి. మొదటి రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కాక మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి, కాళ్ళకు బురద. నన్ను అడుగుతాడనుకున్నాను.

"బిడ్డా, పెద్ద బకెట్ ఉంటే ఇయ్యి. కొర్రమట్టలున్నయి, పరకలున్నయి. మట్టి కింద పడి సత్తయి. గోదాట్ల ఇడిచొస్త."

నీలం రంగు బకెట్ ఇచ్చాను. మూడు రోజులు ఆయన ఒక్కడే మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ, పాత చీరను వలలా పట్టి చేపలు తీశాడు. ఒకవైపు టిప్పరు మట్టి దించుతుంటే మరోవైపు ఆయన. డ్రైవరు ఒకతను జాలిపడి ఆయన అటు ఉన్నంతసేపూ ఇటు మట్టి పోశాడు. బకెట్లు ఆటోలో పెట్టుకుని గోదావరికి పోయేవాడు. నేను వంటగది కిటికీలోంచి చూశాను. దిగి వెళ్ళి ఆ చీర రెండో కొస పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. మూడో రోజు సాయంత్రం బకెట్ శుభ్రంగా తోమి తెచ్చి గడపలో పెట్టి, "కొన్ని దొరకలే" అని చెప్పి వెళ్ళిపోయాడు.

మార్చి కల్లా సిమెంటు గ్రౌండు తయారైంది. ఒక మూల ఇనుప స్తంభాల మీద రేకుల షెడ్డు. మొదట్లో అందరికీ ముచ్చటేసింది. ఏప్రిల్ వచ్చాక తెలిసింది. పది గంటలకే ఆ సిమెంటు వైపు చూడలేకపోయేవాళ్ళం. కళ్ళు చెదిరేవి. పొద్దు వాలాక కూడా అది సెగ కక్కుతూనే ఉండేది. వెనక తలుపు తీస్తే పెనం మీది వేడి లోపలికి వచ్చేది. తలుపులు మూసుకున్నాం. కూలరు లేని ఇళ్ళల్లో కూడా కూలర్లు పెట్టాం. ఆ కూలర్ల రొద పక్కింటి కిటికీలోకి పోయేది. చేతిపంపు మొదట గాలి కక్కింది, తర్వాత ఆగిపోయింది. షిఫ్టు దిగినవాళ్ళు నేరుగా ఇంట్లోకి పోయి తలుపు వేసుకోవడం మొదలైంది. పక్క వరసలో ఎవరున్నారో, ఎవరికి ఏమైందో తెలియకుండా పోయింది. బస్తీ దవాఖానకు వడదెబ్బ తగిలిన వాళ్ళు ఆ వేసవిలో మా కాలనీ నుంచి కూడా వచ్చారు. అంతకుముందు వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

కాక ఉండేది రేకుల ఇంట్లో. కుంట గాలి ఉన్నన్నాళ్ళు ఆ ఇంట్లో మే నెల కూడా గడిచిపోయేది. ఇప్పుడు ఆయన పొద్దున్నే మంచం ఐదు కానుగల కిందికి లాక్కుని, ఎండ తిరిగేకొద్దీ మంచం తిప్పుకుంటూ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం ఆయాసంతో మా ఇంటికొచ్చాడు. కూలరు ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆయాసం కొంచెం తగ్గాక వంగి కూలరు తొట్టిలోకి చూశాడు.

"తొట్టి ఎన్నడు కడిగినవు బిడ్డా?"

నేనూ వంగి చూశాను. తేటనీళ్ళు. ఆ నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ పోతున్నాయి. అవేమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కూలరు మేము కొత్తగా కొన్నది కాదు. శ్రావణికి జ్వరం వచ్చిన నెలలో కూడా అది అక్కడే, అదే మూల, నీళ్ళతోనే ఉంది. ఆ ఏడాది వేసవి అయిపోయాక తొట్టి ఖాళీ చేయడం మరిచిపోయాను.

కాక స్విచ్చి తీయమని, తొట్టి ఒక పక్క తను పట్టుకుని, రెండో పక్క నన్ను పట్టమని, వాకిట్లోకి తెచ్చి ఎండిన మట్టిలో ఒంపేశాడు. తొట్టి లోపల రుద్ది కడిగాడు. పురుగులు మట్టిలో కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. ఆయన వాటి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "పోరి పానం మంచిగున్నదా?" అని మాత్రం అడిగాడు. మంచిగుందన్నాను. కాకా, ఆ దరఖాస్తు నేనే రాశాను అనే మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడే అవతలి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు జరిగి అల్మారాలో గిన్నెలు కదిలాయి. ఆ చప్పుడు అయ్యేదాకా ఇద్దరం ఆగాం. చప్పుడు పోయాక నాకు ధైర్యమూ పోయింది. ఆయన లేచి, కండువా తడుపుకుని తలకు చుట్టుకుని వెళ్ళాడు.

మే మూడో వారంలో ఒక మధ్యాహ్నం రాజవ్వ చిన్నమ్మ దవాఖానకు ఫోను చేసింది. నేను పోయేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు, ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు. రేకుల కింద నిలబడితే నా తల తిరిగింది. చీరలు తడిపి కప్పాం, చంకల్లో ఐసు పెట్టాను. కాక కళ్ళు తెరిచి నన్ను పోల్చుకున్నాడు. "డ్యూటీ ఇడిచిపెట్టి అచ్చినవా?" అన్నాడు. ఆయన నాతో అన్న చివరి మాట అదే. ఆటోలో పెద్ద దవాఖానకు పోతుంటే దారిలోనే ఊపిరి ఆగింది. నేను నాడి పట్టుకునే ఉన్నాను. చిన్నమ్మ ఇంకా విసురుతూనే ఉంది. ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. ఎప్పుడూ ఆ వాలు వెంట పోయి కుంటలో నిలిచే నీళ్ళకు పోవడానికి చోటు లేకపోయింది. సిమెంటు మీద నుంచి జారి మా ఇళ్ళల్లోకి వచ్చాయి. బియ్యం డబ్బాలు మంచాల మీదికి ఎత్తుకున్నాం. సదానందం అన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, తనలో తానే, "కొమురన్న కుంట ఉంటే గిట్ల కాకపోవు" అన్నాడు.

వానలు వెలిశాక బెల్లంపల్లి వెళ్ళాను. చిన్నమ్మ కూతురింట్లో ఉంటోంది. టీ పెట్టిచ్చింది. కాక గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇక ఆగలేక, "చిన్నమ్మా, ఆ కాగితం రాసింది నేనే" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నాకెర్కే. ఆయనకు గూడ ఎర్కే" అంది. టిప్పర్లు రాకముందే కాక కుంట కోసం బతిమాలడానికి ఆఫీసుకు పోయాడట. అక్కడ బల్ల మీద ఆ కాగితం చూశాడట. ఆయన పింఛను కాగితాలన్నీ నేను రాసినవే. నా అక్షరం ఆయనకు తెలియకపోవడం ఎలా కుదురుతుంది?

"ఇంటికచ్చి కూసున్నడు. 'రాత మన సుజాతదే' అన్నడు. నాకు కోపమొచ్చింది బిడ్డా, అబద్ధమెందుకు. పోయి అడుగుత అన్న. వద్దన్నడు. 'పిల్ల సావుదాక పోయచ్చింది, తల్లి రాయక ఏం చేస్తది? మనకెర్కైందని దానికి తెలిస్తె మల్ల మన గడప తొక్కది. నువ్వు నోరిప్పకు' అన్నడు."

అంటే బకెట్ అడిగిన రోజు ఆయనకు తెలుసు. తొట్టి ఒంపిన రోజూ తెలుసు. నేను ఏడుస్తుంటే చిన్నమ్మ నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఊరుకోమని అనలేదు.

ఈ ఫిబ్రవరిలో సదానందం అన్న మళ్ళీ వచ్చాడు. షెడ్డు చాలడం లేదని, ఉత్తరం వైపు పెంచాలని, ఐదు చెట్లు తీయడానికి దరఖాస్తు రాసిపెట్టమని. రాయనన్నాను. మీటింగు పెట్టమన్నాను. ఆదివారం షెడ్డు కింద అందరి ముందు లేచి, మొదటి దరఖాస్తు రాసింది నేనేనని, అందులో రాసింది తప్పని రాసేటప్పుడే నాకు తెలుసునని, దోమలు పెరిగింది నా కూలరులోనని చెప్పాను. నా భర్త తల దించుకున్నాడు. ఎవరో ఒకావిడ, "అప్పుడు నోట్లె ఏం పెట్టుకున్నవమ్మా?" అంది. అనాల్సిన మాటే. చివరికి సదానందం అన్నే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చెట్ల జోలికి పోవద్దు తియ్యి" అన్నాడు. షెడ్డు వెనక ఖాళీ జాగాలో వాన నీళ్ళు దిగడానికి గుంత తవ్వాలని ఆఫీసుకు కొత్త దరఖాస్తు పెట్టాం. ఇంకా ఏమీ తేలలేదు. తవ్వినా అది కుంట కాదు. ఆ నీటికోళ్ళు మళ్ళీ ఇటు రాలేదు.

కాక నాకు ఉద్యోగం ఇచ్చాడు, మన భాషలో జనానికి చెప్పమన్నాడు. ఇప్పుడు ప్రతి శుక్రవారం బస్తీలో తొట్లు ఒంపిస్తూ మా ఇంట్లో జరిగింది కూడా చెబుతాను. జనం వింటారు. నా లోపల ఉన్నది మాత్రం అలాగే ఉంది. ఆయనతో ఆ ఒక్క మాట అనడానికి నాకు ఏడు నెలల టైము దొరికింది. కుంట ఉన్నప్పుడు వాళ్ళింటికి గట్టు వెంట చుట్టూ తిరిగి పోవాలి. పూడ్చాక సిమెంటు మీదుగా నేరుగా పోవచ్చు. నూట పది అడుగులు. ఆయన పోయాక నడిచి లెక్కపెట్టాను.